మజిలీ లేని కథ

ఈ వేసవి సెలవులలో మా యింట నొక వివాదము పుట్టినది. కథ చదువుట మేలా, చలనచిత్రముగా చూచుట మేలా యనునది దాని విషయము. ఇట్టి వివాదము పిల్లలున్న ప్రతి గృహమునను నేడో రేపో పుట్టక మానదు గనుక, దాని యాద్యంతములను సోదరీమణులకు విన్నవించుట యుచితమని తలచితిమి. అందు మేము మొదట నే పక్షమున నిలిచితిమో, తుదకు మాకేమి తెలిసివచ్చినదో చెప్పుటకు కొంత సిగ్గుగానే యున్నది. అయినను దాచుటవలన ప్రయోజనము లేదు.

మేము హైదరాబాదులో శ్రీనగర్ కాలనీ వాసులము. ఒకవైపు అమీర్‌పేట, మరియొకవైపు పంజాగుట్ట. మా యింటికి కాలినడకను పోదగిన దూరములోనే సారథీ స్టూడియో యున్నది. తెలుగు చిత్రములన్నియు మదరాసులోనే తయారగుచున్న దినములలో ఈ నగరమున వెలసిన స్టూడియో అది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులోనే నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రముగా పేరొందినది. ఇట్టి చోట కాపురముండి సినిమాను నిందించుట గోదావరి గట్టున కూర్చుండి నీటిని నిందించినట్లే. అయినను మేము నిందించితిమి.

వివాదమునకు కారణమైన గ్రంథము మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు'. చిత్రము 1951లో విజయా సంస్థవారు వెలువరించిన 'పాతాళభైరవి'. తొమ్మిదేండ్ల మా చిన్నవాడు ఆ చిత్రములోని ముక్క యొకటి ఫోనులో చూచి, మొత్తము చూపుమని పట్టుబట్టెను. "మొదట గ్రంథము, పిమ్మట చిత్రము" అని మేము శాసించితిమి. మా తండ్రిగారు మమ్ము బడికి పంపక యింటనే కూర్చుండబెట్టి అమరకోశమును, భారత భాగవతములను చెప్పిరి. అక్షరముపై మాకు గల యభిమానము, దానితోడి గర్వము ఆనాటివే. ఆ గర్వమే మాచేత నట్లు పలికించినది.

ముందుగా గ్రంథమును గూర్చి కొంత చెప్పవలెను. కాశీమజిలీ కథలు 12 సంపుటముల పెద్ద గ్రంథము. రైళ్లు లేని కాలమున కాశికి పోవువారు పగలెల్ల నడచి, ప్రొద్దు వాలువేళకు ఏదో యొక యూర విడియుచుండిరి. ఆ విడిదికే మజిలీ యని పేరు. మణిసిద్ధుడను యతి యొకడు కాశికి పోదలచి తోడు వెదకగా, పసులకాపరి కుర్రవాడొకడు దొరకును. వాడు ఊరక రాడు. మజిలీ మజిలీకి తనకొక కథ చెప్పవలెనని, చెప్పనిచో నచ్చటినుండియే వెనుకకు మరలిపోవుదునని కట్టడి చేసికొని బయలుదేరును. విడిసిన యూర వాడు తిరిగివచ్చి, తాను చూచిన వింత యేమిటో చెప్పి, దాని కారణ మడుగును. సిద్ధుడు తన యొద్దనున్న మణి మహిమచేత పూర్వవృత్తాంతము నెరిగి చెప్పనారంభించును. ఒక కథ ముగియకమునుపే యందులోనివా రెవరో తమ కథ నెత్తుకొందురు. అది ముగిసినగాని మొదటిది కదలదు. చీకటి పడినచో మిగిలినది మరునాటి మజిలీకి.

ఇట్టి కూర్పు మన దేశమునకు క్రొత్త కాదు. పంచతంత్రమున విష్ణుశర్మకు రాజకుమారులు శ్రోతలు. విక్రమార్కుని భుజమెక్కిన బేతాళునకు ఆ రాజే శ్రోత. కథాసరిత్సాగరమున సాక్షాత్తు పార్వతీదేవియే శ్రోత. చెప్పువాడున్నచోట వినువాడు నుండుట, వినువాడు అడిగినగాని కథ సాగకుండుట మన పెద్దలు పెట్టిన పద్ధతి. దీక్షితులుగారు ఆ పద్ధతిని చేపట్టి, వినువాని స్థానమున రాజకుమారుని గాక పసులకాపరిని నిలిపిరి. దీనిని గూర్చి మరల చెప్పెదము.

ఇక చిత్రము సంగతి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు నిర్మాతలు, కె. వి. రెడ్డిగారు దర్శకులు. కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావుగారివి. సంగీతము ఘంటసాలవారిది, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లేగారిది. 1951 మార్చి 15న విడుదలయైనది. మరుసటి యేట మన దేశమున జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున దక్షిణదేశము నుండి ప్రదర్శింపబడిన చిత్రమిదియే. అప్పటికి రెండేండ్ల ముందే, 1949లో, అదే దర్శకుడు షేక్స్పియరు మహాకవి 'లియరు రాజు' కథను తెలుగు జానపదముగా మలచి 'గుణసుందరి కథ' తీసియుండెను. వేరొకచోటి కథను తెచ్చి మన యింటి కథగా చేయుట ఆయనకు కరతలామలకము.

పాతాళభైరవి కథ గ్రంథములోని యొక కథకు నకలు కాదు. కాశీమజిలీ కథలలోని సామగ్రిని, అరేబియా రాత్రులలోని అల్లావుద్దీను కథను కలిపి పింగళివారు అల్లిన క్రొత్త కథ. ఉజ్జయినీ నగరమున తోటమాలి కొడుకు రాముడు. వాడు రాజకుమారి ఇందుమతిని వలచును. సిరిసంపదలతో వచ్చినగాని పిల్లనీయనని రాజు చెప్పును. పాతాళభైరవికి సాహసియైన యువకుని బలియిచ్చి, కోరినవన్నియు నిచ్చు ప్రతిమను పొందదలచిన నేపాళ మాంత్రికుడు రాముని గుహలోనికి గొనిపోవును. స్నానమునకు దిగిన కొలనిలో రామునిపై మొసలి పడును. దానిని చంపగా శాపము తీరిన స్త్రీ యొకతె ప్రత్యక్షమై మాంత్రికుని కపటమును తెలుపును. రాముడు మాంత్రికునే బలియిచ్చి ప్రతిమను గైకొని మేడ కట్టించుకొనును. సదాజపుడను శిష్యుడు సంజీవనితో గురువును బ్రతికించును. మాంత్రికుడు రాజుగారి బావమరదిని వంచించి ప్రతిమను రాబట్టి, మేడతోకూడ రాజకుమారిని గొనిపోవును. రాముడు మరల పేదవాడై వెదకుచు బయలుదేరి, తుదకు మాంత్రికుని తుదముట్టించి రాజకుమారిని తెచ్చుకొనును. మాంత్రికుడు పేదపిల్లవానిని గుహకు గొనిపోవుట, మహిమగల వస్తువు పిల్లవానికే దక్కుట, మేడతో సహా రాజకుమారిని అపహరించుట, ఇవియన్నియు అల్లావుద్దీను కథలోనివేనని చదివినవారు వెంటనే గుర్తింతురు.

చిత్రమువలన కథకు కలిగిన మేలును దాచరాదు. మాంత్రికుడుగా నటించిన ఎస్. వి. రంగారావుగారికి ఆ నాటికి 32 ఏండ్లు మాత్రమే. ఆ గడ్డము, ఆ చూపు, ఆ నెమ్మదియైన పలుకు చూచినవారెవరును ఆయనను పడుచువాడనుకొనలేరు. గ్రంథమున మాంత్రికుని వర్ణించుటకు ఎన్ని విశేషణములు వాడినను ఒక్కొక్క పాఠకుడు ఒక్కొక్క రూపమును ఊహించుకొనును. చిత్రము వచ్చిన తరువాత తెలుగునాట మాంత్రికునకు ఒక్కటే రూపము నిలిచిపోయినది. ఇది లాభమా నష్టమా యని మేము చాల దినములు తర్కించుకొంటిమి. కొంత లాభమును, కొంత నష్టమును.

మరియొక మేలు భాషకు సంబంధించినది. 'డింభకుడు' అనగా బాలుడు. నిఘంటువు చదివినవారికి తప్ప నితరులకు ఆ పదము తెలియనే తెలియదు. పింగళివారు దానిని మాంత్రికుని నోట పెట్టిరి. నేడు అక్షరము రానివారు కూడ 'డింభకా' యన్నచో నవ్వుదురు. అమరకోశము వల్లించిన మేము ఎన్నేండ్లు ప్రయాసపడినను ఒక్క సంస్కృతపదమును వీథిలోని పిల్లల నోట పలికింపలేము. ఈ పని ఒక చిత్రము మూడు గంటలలో చేసినది.

అన్నిటికంటె పెద్ద మేలు వేరొకటి కలదు. 1951 జనాభా లెక్కలనుబట్టి మన దేశమున చదువను వ్రాయను నేర్చిన స్త్రీలు నూటికి 9 మందియైన లేరు. 12 సంపుటముల గ్రాంథిక గ్రంథము వారికెట్లు అందును? ఇంట పురుషులెవరైన చదివి వినిపించినగాని వారికి మణిసిద్ధుని పేరే తెలియదు. డేరా హాలులో నేల టిక్కెట్టు కొన్న స్త్రీకి చదువుతో పనిలేదు. గ్రంథము తలుపు వేసినచోట చిత్రము తలుపు తీసినది. ఈ మాట మాకు మొదట తోచలేదు. మా యత్తగారివలన తెలిసినది.

చిత్రమువలన పోయిన దేమి? చిత్రమున రాముని కథ మొదటినుండి తుదివరకు సూటిగా సాగును. కథలో కథ లేదు. చెప్పు సిద్ధుడు లేడు, అడుగు కుర్రవాడు లేడు. నడక లేదు, విడిది లేదు. నిర్మాతలను తప్పుపట్ట వీలులేదు. మూడు గంటలకు పైబడిన ఆ చిత్రమున అవి గూడ చేర్చినచో తెల్లవారిపోవును. అయినను పేరులోని 'మజిలీ' యే లేకుండ మజిలీ కథ తెరకెక్కినదన్న మాట నిజము.

ఇది మన చిత్రములకే కలిగిన లోపము కాదని మా పెద్దపిల్ల చెప్పినది. దానికి పదమూడేండ్లు. ఆంగ్లమున రౌలింగు అను రచయిత్రి 1997 మొదలు 2007 వరకు వ్రాసిన హారీ పాటర్ కథలు 7 సంపుటములును చదివినది. 2001 మొదలు 2011 వరకు వచ్చిన 8 చిత్రములును చూచినది. నాలుగవ సంపుటమున ఒక విశేషమున్నదట. హారీ చదువు మాయావిద్యల పాఠశాలలో వందలకొలది పిల్లలకు వేళకు పంచభక్ష్యములు అమరుచుండును. ఎవరు వండుచున్నారో ఎవరికిని తెలియదు. హెర్మయినీ యను బాలిక విచారింపగా, వంటశాలలో కంటికి కనబడక జీతము బత్తెము లేక చాకిరి చేయు పొట్టి జీవులున్నవని తెలియును. ఆమె వారి పక్షమున నొక సంఘము స్థాపించి తోడి విద్యార్థుల నవ్వులపాలగును. 2005లో వచ్చిన చిత్రమున ఆ సంఘము ఊసే లేదు. "పోట్లాటలన్నీ ఉంచారమ్మా, వంటిల్లు తీసేశారు" అని మా పిల్ల అనెను. ఆ మాట మాకు మరపునకు రాలేదు.

టోల్కీను పండితుడు 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా ప్రకటించిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సంగతియు నట్టిదే. గ్రంథమున యుద్ధము ముగిసిన పిమ్మట వీరులు ఇల్లు చేరుసరికి, తమ పల్లె దుర్మార్గుల పాలై చెట్లు నరకబడి పాడుపడియుండును. వారు దానిని మరల బాగుచేసికొని, మొక్కలు నాటుకొని, అప్పుడుగాని విశ్రమింపరు. 2001 మొదలు 2003 వరకు పీటర్ జాక్సన్ తీసిన మూడు చిత్రములలో నీ భాగము లేదు. వీరులు వచ్చుసరికి పల్లె చెక్కుచెదరక యుండును. యుద్ధము ఎంత పెద్దదైనను ఇల్లు దానంతట నదియే శుభ్రముగా నుండునని నమ్ముట మన యిండ్లలో కూడ కలదు. ఇల్లు చూచుకొనువారికి మాత్రము అది యబద్ధమని తెలియును.

ఇట్లు చూచితిమేని తెరమీద మొదట జారిపోవునది యేదో తెలియుచున్నది. సాహసము నిలుచును, శృంగారము నిలుచును, హాస్యము నిలుచును. వండుట, నిరీక్షించుట, అలసి కూర్చుండుట, అడిగి తెలిసికొనుట జారిపోవును. మజిలీ యనగా నివియే కదా. మూట దించుట, స్నానము, వంట, భోజనము, పిదప కథ. మా వాదమున కిది గొప్ప బలమని సంతోషించి, గ్రంథమే శ్రేష్ఠమని తీర్మానించి, మొదటి సంపుటము తీసి చిన్నవానికి చదివి వినిపించుటకు గూర్చుంటిమి.

మొదటి రాత్రి వాడు శ్రద్ధగా వినెను. రెండవ రాత్రి మూడు మాటలకొక యర్థ మడిగెను. మేము విసుగుతో చెప్పితిమి. మూడవ రాత్రి నాలుగు పంక్తుల పొడవుగల వాక్యమొకటి ముగియకమునుపే నిద్రపోయెను. "ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదు" అని మేము వాపోతిమి. మావారు బడిపంతులు. ఆయన పత్రికనుండి తల యెత్తక, "పిల్లవాడు నిద్రపోతే పాఠం చెప్పినవాళ్లు తమ గొంతు ఎలా ఉందో చూసుకోవాలి" అని మాత్రము అనిరి.

నాలుగవ నాడు మధ్యాహ్నము మా యత్తగారు చిక్కుడుకాయలు వలుచుచు వానిని దగ్గరకు పిలిచి, "తోటరాముడి కథ నే చెబుతా రా" అనిరి. మేము అక్కడనే యుండి, "సినిమా కథ ఎందుకండీ అత్తయ్యా, అసలు పుస్తకం ఉంది కదా" అంటిమి. ఆమె మారుమాటాడలేదు. చిక్కుడుకాయల పళ్లెము తీసికొని వంటింటిలోనికి పోయిరి. ఆమెకు చదువు రాదు. ఆడపిల్లకు అక్షరము లేలయను నింట పుట్టినారు. మేము పలికిన మాటలో ఆ సంగతి నెత్తిచూపిన ధ్వని యున్నదని ఆమెకు తెలిసినది. పలికిన తరువాత మాకును తెలిసినది. చదువుకొన్న కోడళ్లము ఇట్టి మాట లెన్ని యనుచుందుమో లెక్కలేదు.

ఆ రాత్రి కరెంటు పోయెను. చిన్నవాడు నాయనమ్మ ప్రక్కన చేరి, "పొద్దున చెబుతానన్నావుగా" అనెను. ఆమె మావైపొకమారు చూచి ప్రారంభించిరి. మేము తలుపు ప్రక్కన నిలిచి వింటిమి.

ఆమె చెప్పినది చిత్రములోని కథయే. అయినను చిత్రము కాదు. మొసలి రూపము విడిచిన స్త్రీ ఎన్నాళ్లు ఆ నీటిలో నుండెనో, చలికాలమున ఎట్లుండెనో వాడు అడుగగా, ఆమె దానికొక చిన్నకథ చెప్పిరి. మేడ మాయమైన నాడు రాముని తల్లి ఎక్కడ తలదాచుకొన్నదని వాడు అడుగగా, ప్రక్క యింటివారు పెట్టిన గంజి త్రాగి పాత గుడిసె కప్పు తానే సరిచేసికొన్నదనిరి. మాంత్రికుని మేడలో రాజకుమారి దినములు లెక్కించుటకు చీరకొంగున రోజున కొక ముడి వేసికొన్నదనియు, ఆ యింటి యన్నము ముట్టక తోటలోని పండ్లు మాత్రము తిని ప్రాణము నిలుపుకొన్నదనియు చెప్పిరి.

మాకు పట్టలేక, "అత్తయ్యా, ఇవేవీ సినిమాలో లేవు గదండీ" అంటిమి.

"లేవమ్మాయీ" అని ఆమె శాంతముగా బదులిచ్చిరి. "నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊరి పొలిమేరలో డేరా హాలు వేశారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, మధ్య గుడ్డ కట్టారు. ఆ పిల్లను మేడతో సహా ఎత్తుకుపోయినప్పుడు మా అమ్మ నా చెవిలో అడిగింది, 'ఆ పిల్ల అన్నం తిన్నదో లేదో' అని. పక్కనున్న వాళ్లందరూ దాన్నే పట్టుకున్నారు. లాంతరు పుచ్చుకుని గట్ల మీద నడిచి వస్తూ అదే మాట్లాడుకున్నారు. మర్నాడు నాట్లలో వంగుని కూడా అదే. ఒకరు పండ్లు తిన్నదన్నారు, ఒకరు ముడులు వేసుకున్నదన్నారు. అప్పటినుంచీ నేను చెప్పేటప్పుడు అవి కలిపే చెబుతాను. లేకపోతే కథ సగమే అనిపిస్తుంది."

సోదరీమణులారా, మేమంతవరకు చిత్రమున మజిలీ లేదని వాదించుచుంటిమి. మజిలీ డేరాలో గుడ్డకు ఈవలి వైపున, ఆడవారి మధ్య నుండెను. చిత్రము పారవేసిన వంటిల్లును, నిరీక్షణమును చదువురాని యా తల్లులు పొలము గట్లమీద నడచుచు మరల కథలోనికి చేర్చిరి. దీక్షితులుగారి కథలో అడుగు హక్కు పసులకాపరి కుర్రవాని కిచ్చినట్లే, ఇచట అడిగినవారు నాట్లు వేయు స్త్రీలు. మేము గ్రంథమును కంఠపాఠము చేసితిమేగాని, ఆమెవలె ఒక్క ప్రశ్న నైనను ఆ కథకు చేర్చియుండలేదు.

ఆ పిమ్మట మాకొక విషయము జ్ఞప్తికి వచ్చినది. పాతాళభైరవికి సగము ప్రాణమిచ్చిన అల్లావుద్దీను కథ అరబ్బీ ప్రాచీన ప్రతులలో దొరకదు. గాలండ్ అను ఫ్రెంచి పండితుడు 1704 మొదలు 1717 వరకు అరేబియా రాత్రులను, అవియు 12 సంపుటములుగానే, ప్రకటించెను. సిరియా దేశపు అలెప్పో నగరమునుండి పారిసునకు వచ్చిన హన్నా దియాబ్ అను యువకుడు 1709లో ఆయనకు నోటితో చెప్పిన కథలలో నిది యొకటి. అనగా నోటినుండి గ్రంథములోనికి, గ్రంథమునుండి తెరమీదికి, తెరమీదినుండి మా యత్తగారి నోటికి ఆ కథ మరల వచ్చి చేరినది. మేము 'అసలు గ్రంథము' అన్నప్పుడు ఈ నడకలో నేదో యొక మజిలీని పట్టుకొని అదియే కాశి యనుకొంటిమి.

కావున నేది మేలను ప్రశ్నకు మేమీనాడు చెప్పు సమాధానమిది. గ్రంథము వలన భాష యబ్బును, ఓర్పు అలవడును, ఎవరి యూహ వారికి మిగులును. చిత్రము వలన చదువురాని వారికిని కథ దక్కును, మాట చెవికి సోకును, నలుగురు కలిసి చూచు ముచ్చట కలుగును. ఈ రెండింటిలో నేదైనను పిల్లవాని నొంటరిగా దానియెదుట కూర్చుండబెట్టి మనము లేచిపోయినచో సగమే పనిచేయును. నాడు డేరాలో ప్రక్కన అమ్మ యుండెను. నేడు ఫోనుతో పిల్లవాడొక్కడే యున్నాడు. "అన్నం తిన్నదో లేదో" అని అడుగుటకు వాని ప్రక్కన నెవరును లేరు. నష్టము తెరయందుగాక ఇక్కడ నున్నది.

మా యింట నిప్పుడు జరుగుచున్న పద్ధతిని చెప్పెదము. ఉచితమని తోచినవారు అనుసరింపవచ్చును. చిత్రమును ఒక్కపెట్టున గాక మూడు రాత్రులుగా చూపుదుము. ఆపినచోట, "తరువాత ఏమగును?" అని పిల్లలను అడుగుదుము. వారు చెప్పినది చిత్రముకంటె బాగుండుటయు కలదు. కాశీమజిలీ కథలను మేము ముందు చదువుకొని, పొడవైన వాక్యములను చిన్నవిగా విరిచి, మా మాటలతో చెప్పుదుము. అందుగల రెండు మూడు మంచి పదములను మాత్రము అట్లే యుంచి, అర్థము చెప్పుదుము. రోజునకు రెండు పదములు చాలును. భోజనమైన పిమ్మటనే కథ. ఫోను వేరొక గదిలో నుండును. చిన్నవాడు అడిగినచో నాపి తీరవలెను. అది వాని కట్టడి. అడ్డు తగిలితివని కసరినచో, వాడు పసులకాపరి కుర్రవానివలె వెనుకకు మరలిపోవును. అట్లు మరలిన పిల్లవానిని మరల కథలోనికి తెచ్చుట కడు కష్టము.

మా యత్తగారిని మేము క్షమాపణ వేడితిమి. ఆమె నవ్వి, "నువ్వు చదివింది నాకు చెప్పు, నేను చూసింది నీకు చెబుతా" అనిరి. ఇప్పుడు చిక్కుడుకాయలు వలుచుచు మేము మణిసిద్ధుని కథ చెప్పుదుము, ఆమె వినుచు ప్రశ్నించుదురు. ఆమె ప్రశ్నలు చిన్నవాని ప్రశ్నలకంటె కఠినములు. సిద్ధుడు నిత్యము కథ చెప్పుచుండగా వంట యెవరు చేసిరని మొన్న అడిగిరి.

ఆమె కన్నులకు పొర కమ్మినది. జ్ఞాపకమును కొంత సడలుచున్నది. ఒక నాడు చెప్పినది మరియొక నాడు వేరుగా చెప్పుచున్నారు. అందువలన మేమొక నోటు పుస్తకము తీసి, ఆమె కథను ఆమె మాటలలోనే, మా గ్రాంథికము కలుపక, వ్రాసికొనుచున్నాము. చీరకొంగు ముడుల భాగము రెండు విధములుగా నున్నది. రెండును వ్రాసితిమి.

మీ యిండ్లలోను చదువురాని పెద్దలుందురు. వారు చిన్ననాట చూచిన తొలి జానపద చిత్రమేదో యొకమారు అడుగుడు. కథ చెప్పించుకొనుడు. వారి కథ చిత్రముతో సరిపోలనిచోట దిద్దకుడు. అచట నెవరో ఒక తల్లి చీకటిలో కూర్చుండి అడిగిన ప్రశ్న యుండవచ్చును.